పాత తుపాకీ బ్రీచ్‌ను తిరిగి కూర్చడం: మన చేతికొచ్చిన సాక్ష్యం
(సంఘం యువజన సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో పాటల గురించి, నృత్యాల గురించి, భాష గురించి పెద్దలు చెప్పారు. మాకు ఇచ్చిన అంశం కొంచెం వేరు. మీ ముందు బల్ల మీద తెల్లగుడ్డ పరిచి కొన్ని ఇనుప ముక్కలు పెట్టాం. పక్కనే ఒక తుపాకీ ఉంది. అది మార్టినీ-హెన్రీ రకం. ఒక కుటుంబం దాన్ని మన సంఘానికి అప్పగించింది. గొట్టం, కొయ్య ఒకచోట, లోపలి ముక్కలన్నీ ఒక గోనెసంచిలో విడిగా వచ్చాయి. పోలీసులకు రాతపూర్వకంగా తెలియజేసి, వాళ్ళు చూసి, ఇది కాల్చడానికి పనికిరాదని తేల్చాకే మేము చెయ్యి పెట్టాం. ఆ ముక్కల్ని మళ్ళీ ఎలా కూర్చామో, ఎక్కడ ఆగామో, ఎందుకు ఆగామో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

ముందుగా బ్రీచ్ అంటే ఏమిటో చూద్దాం. మన తాతల నాటు తుపాకీ మీలో చాలామంది చూసే ఉంటారు. దానికి మందు, గుడ్డపీలిక, రవ్వలు అన్నీ మూతి వైపు నుంచే వేసి, ఊచతో దట్టించాలి. ఒకసారి పేల్చాక మళ్ళీ సిద్ధం చేయాలంటే నిలబడి చేయాలి, సమయం పడుతుంది. వానలో మందు తడిస్తే అంతే సంగతులు. మార్టినీ అలా కాదు. గొట్టం వెనక వైపు తెరుచుకుంటుంది. అక్కడి నుంచి ఇత్తడి తూటా పెడతారు. ఆ తెరుచుకుని మూసుకునే వెనక భాగమే బ్రీచ్. పడుకుని, చెట్టు చాటున ఉండి కూడా తూటా మార్చవచ్చు. శిక్షణ పొందినవాడు నిమిషానికి 12 తూటాల దాకా కాల్చగలడు.

బ్రిటిష్ సైన్యం ఈ తుపాకీని 1871లో స్వీకరించింది. లోపలి యంత్రం ఫ్రెడరిక్ ఫాన్ మార్టినీది, గొట్టం లోపలి గాడులు అలెగ్జాండర్ హెన్రీవి. రెండు పేర్లూ కలిసి తుపాకీ పేరయ్యాయి. బరువు దాదాపు 4 కిలోలు. గొట్టం లోపలి వెడల్పు 0.45 అంగుళం. తూటాలో 85 గ్రెయిన్ల నల్లమందు, ముందు 480 గ్రెయిన్ల సీసపు గుండు. మన లెక్కలో గుండు ఒక్కటే 31 గ్రాములు. సైన్యానికి కొత్త తుపాకులు వచ్చాక కూడా ఈ మార్టినీ తరహా తుపాకులు మన దేశంలో పోలీసుల చేతుల్లో చాలాకాలం ఉన్నాయి. సిపాయికి పది తూటాలు పట్టే తుపాకీ ఇచ్చినా, పోలీసుకు ఒక్కో తూటా పెట్టి కాల్చేదే చాలనుకున్నారు.

ఇప్పుడు ముక్కల దగ్గరికి వద్దాం. బల్లకు దగ్గరగా రండి. పిల్లల్ని ముందుకు రానివ్వండి.

ఈ బరువైన ఇనుప దిమ్మను బ్లాక్ అంటారు. బ్రీచ్‌కు తలుపు ఇదే. వెనక చివర ఒక పిన్ను మీద తిరుగుతుంది. ముందు చివర కిందికి దిగితే గొట్టం తెరుచుకుంటుంది, పైకి లేస్తే మూసుకుంటుంది. దీని కడుపులో పొడవునా ఒక రంధ్రం ఉంది. అందులో ఈ సన్నటి కడ్డీ కూర్చుంటుంది. దీని పేరు స్ట్రైకర్. తూటా వెనక పొడిచేది ఇదే. దాని చుట్టూ చుట్టలు తిరిగిన స్ప్రింగు, వెనక మూతగా ఒక నట్టు, ఆ నట్టు తిరిగిపోకుండా చిన్న స్క్రూ. ఇది ట్రిగ్గర్ వెనక ఉండే లివర్. పట్టుకుని కిందికి తోస్తే బ్లాక్ ముక్కు దించుతుంది. లివర్ చేతుల మధ్య కూర్చునే ఈ వంకర ముక్క టంబ్లర్. నాటు తుపాకీకి బయట గుర్రం ఉంటుంది కదా, దీనికి ఆ పని లోపల ఈ టంబ్లర్ చేస్తుంది. రెండు కొమ్ముల గొర్రులా ఉన్న ఇది ఎక్స్‌ట్రాక్టర్. కాలిన ఖాళీ తూటాను బయటికి లాగి పారేస్తుంది. ఇక ట్రిగ్గర్, దాని కాపు, రెండు మూడు పిన్నులు, స్క్రూలు. అంతే. ఇన్ని పదుల ఏళ్ళు ఇన్ని దేశాల్లో పనిచేసిన యంత్రం మొత్తం ఒక చేట మీద పట్టేంత.

కూర్చడం మొదలుపెట్టే ముందు మూడు పనులు చేశాం. మొదటిది, గొట్టంలో ఏమీ లేదని వెలుతురు పెట్టి చూడటం. పాత తుపాకీని ఖాళీ అని ఎప్పుడూ నమ్మకూడదు. మీ ఇంట్లో పాత తూటా దొరికినా సరే, దాన్ని గీకడం, విప్పడం, ఎండలో పెట్టడం చేయకండి. ఉన్నచోట ఉంచి పోలీసులకు చెప్పండి. రెండోది, ప్రతి ముక్కకూ రెండు వైపులా ఫోటో తీసి, చీటీ కట్టి, పుస్తకంలో రాయడం. మూడోది, తుప్పు పని. ఇక్కడ మన కుర్రాళ్ళు తొందరపడతారు. గరుకు కాగితం, నిమ్మరసం, వెనిగర్, గ్రైండర్ ఏదీ వద్దు. అవి తుప్పుతో పాటు ఇనుము మీది అక్షరాల్నీ తినేస్తాయి. పైగా గొట్టం మీద కనిపించే నున్నటి గోధుమరంగు పూత కొన్నిసార్లు పాత తయారీదారులు కావాలని పట్టించిన రంగు. దాన్ని తళతళలాడేలా తోమితే తుపాకీ వయసు పోతుంది. పలుచటి నూనె, మెత్తటి ఇత్తడి బ్రష్షు, పాత నూలుగుడ్డ, ఓపిక. ఇవి చాలు. బిగుసుకున్న స్క్రూకు నూనె వేసి రోజుల తరబడి వదిలేశాం. స్క్రూ గాడికి సరిగ్గా సరిపోయే డ్రైవర్ దొరికాకే తిప్పాం.

ఇక కూర్పు. విప్పిన వరుసకు తలకిందులు వరుస. ముందుగా ఎక్స్‌ట్రాక్టర్. అది గొట్టం కింద ముందు భాగంలో కూర్చుంటుంది, బ్లాక్ ముక్కు వచ్చి దాని మీదికి దిగుతుంది. తరువాత బ్లాక్‌ను పైనుంచి దించాలి. దాని కడుపులో స్ట్రైకర్ గాడి కిందికి చూసేలా ఉండాలి. లేకపోతే టంబ్లర్ కొమ్ము అందులోకి ఎక్కదు. బ్లాక్ వెనక గుండ్రటి భుజం ఉంది, చూడండి. అది తుపాకీ ఒంట్లోని గుంటలో ఆనుకోవాలి. కాల్చినప్పుడు వెనక్కి తన్నే దెబ్బనంతా మోసేది ఆ భుజమే. పిన్ను బ్లాక్‌ను చోటు తప్పకుండా పట్టి ఉంచుతుంది, అంతే. ఆ తరువాత కింది నుంచి లివర్, దాని చేతుల మధ్య టంబ్లర్, ట్రిగ్గర్ కాపు. మూడింటి రంధ్రాలూ ఒకే వరుసలోకి వచ్చినప్పుడే అడ్డపిన్ను దూరుతుంది. ఒక్క ముక్క పక్కకు ఉన్నా దూరదు, బలవంతం చేస్తే వంగుతుంది. చివరగా పిన్ను జారకుండా స్క్రూ. కుడివైపు బయట ఈ కన్నీటి చుక్క లాంటి చిన్న ముల్లు కూర్చుంటుంది. లోపల స్ట్రైకర్ ఎక్కి ఉందా దిగి ఉందా అన్నది కాల్చేవాడికి బయటి నుంచే చెప్పే ముల్లు ఇది.

ఇలా కూర్చుతుంటే మాకు రెండు విషయాలు ఎదురయ్యాయి.

మొదటిది టంబ్లర్. మిగతా ముక్కలన్నిటి మీదా ఫ్యాక్టరీలో తనిఖీ చేసినవాళ్ళు కొట్టిన చిన్న చిన్న గుర్తులున్నాయి. దీని మీద ఏ గుర్తూ లేదు. అద్దం పెట్టి చూస్తే ఆకురాయి గీతలు అడ్డదిడ్డంగా కనిపిస్తాయి. అంటే ఇది యంత్రం మీద తయారైంది కాదు, ఎవరో కమ్మరి కొలిమి దగ్గర కూర్చుని చేతితో అరగదీసి చేసిన ముక్క. అసలుది విరిగిపోతే, దాన్ని చూసి దానిలాంటిది చేశాడన్నమాట. చదువుకున్న ఇంజనీరు బొమ్మ గీసి ఇచ్చినది కాదు. కళ్ళతో కొలిచి, గుంటలో పెట్టి చూసి, మళ్ళీ అరగదీసి చేసినది. విదేశాల్లో ఈ తుపాకీ ముక్కలు అమ్ముతారు, అసలైన టంబ్లర్ తెప్పించి పెడితే తుపాకీ విలువ పెరుగుతుంది అని ఒక వ్యాపారి మాకు సలహా ఇచ్చాడు. మేము ఒప్పుకోలేదు. ఈ తుపాకీలో కొనడానికి దొరకనిది ఏదైనా ఉంటే అది ఈ కమ్మరి ముక్కే.

రెండోది, బ్లాక్ పిన్ను లేదు. కొత్తది ఇనుముతో చేయించడం కష్టం కాదు. కానీ దాని బదులు మేము ఎండిన వెదురు పుల్లను చెక్కి పెట్టాం. స్ట్రైకర్ స్ప్రింగును కూడా లోపల పెట్టలేదు, విడిగా డబ్బాలో ఉంచాం. దీనికి రెండు కారణాలు. ఒకటి, రేపు చూసేవాళ్ళకు ఏది పాతదో ఏది మనం చేర్చిందో కళ్ళకు కనబడాలి. పాతదాని పక్కన కొత్తదాన్ని పాతదానిలా నటింపజేయకూడదు. రెండు, ఇది మళ్ళీ పేలకూడదు. మేము దీన్ని కూర్చింది ఆయుధంగా కాదు, సాక్షిగా.

ఈ సాక్షి ఏం చెబుతుంది? ఇక్కడ కుడివైపు చూడండి. కిరీటం, వి.ఆర్. అనే అక్షరాలు, ఎన్‌ఫీల్డ్ అనే పేరు, 1882. విక్టోరియా రాణి కాలంలో, ఇంగ్లండులోని ఎన్‌ఫీల్డ్ ఫ్యాక్టరీలో తయారైందని అర్థం. ఇంకొక చోట బాణం గుర్తు ఉంది. దాన్ని చూడగానే మా కుర్రాళ్ళలో ఒకడు, ఇది మనవాళ్ళు చెక్కిన బాణమే అన్నాడు. కాదు నాయనా. వెడల్పు మొన ఉన్న ఆ బాణం బ్రిటిష్ ప్రభుత్వ ఆస్తి అని చెప్పే ముద్ర. మన విల్లంబులకూ దానికీ సంబంధం లేదు. రెండు బాణాలు మొనలు కలిపి ఎదురెదురుగా ఉంటే ప్రభుత్వం దాన్ని అమ్మేసిందని అర్థం. గుర్తులు చదవడం నేర్చుకోకపోతే మనకు నచ్చిన కథే కనిపిస్తుంది.

ఇంకొక హెచ్చరిక. ఈ మార్టినీకి నకళ్ళు చాలా ఉన్నాయి. ఖైబర్ కనుమ ప్రాంతంలో చేతితో చేసిన నకళ్ళలో ఇంగ్లీషు అక్షరాలు తిరగబడి ఉంటాయి, పేర్లలో తప్పులుంటాయి. నేపాల్లో గహేంద్ర అనే తుపాకీ ఉంది. బయటికి అచ్చం మార్టినీలా కనిపిస్తుంది, లోపలి యంత్రం వేరు. ఒక్కో తుపాకీ చేతితో అమర్చినది కాబట్టి ఒకదాని ముక్క ఇంకొకదానికి పట్టదు. ఇలాంటివి చూపించి, సీతారామరాజు పట్టిన తుపాకీ ఇదే అని ఎవరైనా మీకు అమ్మజూపితే ముందు బ్రీచ్ పక్కన ఏముందో చదవండి.

ఇప్పుడు మన పోరాటం దగ్గరికి వద్దాం. 1879లో రంప కొండల్లో ముఠాదారులు, రైతులు తిరగబడ్డారు. అంతకు ముందు ఏడాదే, 1878లో, ఆయుధాల చట్టం వచ్చింది. లైసెన్సు లేకుండా భారతీయుల దగ్గర తుపాకీ ఉండకూడదంది. ఆ తరువాత 1922. ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు పోలీసు ఠాణాలు. అల్లూరి సీతారామరాజు, గాం గంటం దొర, గాం మల్లు దొర, వాళ్ళ వెంట మన ఊళ్ళవాళ్ళు. రాజవొమ్మంగిలో బందీగా ఉన్న వీరయ్య దొరను విడిపించారు. తీసుకున్న ఆయుధాల వివరం రికార్డులో రాసి, రాజు సంతకం పెట్టి వెళ్ళాడు.

ఆ లెక్క మనం చదవాల్సింది. చింతపల్లిలో 11 తుపాకులు, 1,390 తూటాలు. మూడు చోట్లా కలిపి 26 తుపాకులు. ఇది విని మనం ఛాతీ విరుచుకుంటాం. విరుచుకోవాల్సిందే. కానీ బ్రీచ్ ఎలా పనిచేస్తుందో తెలిసినవాళ్ళు ఇంకొక లెక్క వేస్తారు. 1,390ని 11తో భాగించండి. తుపాకీకి 126 తూటాలు. నిమిషానికి 12 కాల్చగల ఇలాంటి తుపాకీకి అవి పదిన్నర నిమిషాల తిండి.

నాటు తుపాకీకి మందు కొండల్లోనే నూరుకోవచ్చు, రవ్వలు పోతపోసుకోవచ్చు. వెనక నుంచి పెట్టే ఇత్తడి తూటా అలా కాదు. దాని గుల్ల, దాని అడుగున నిప్పు పుట్టించే చిన్న మూత ఫ్యాక్టరీలో తయారు కావాలి. ఫ్యాక్టరీ తెల్లవాడిది. అంటే వాడి తుపాకీ మన చేతికి వచ్చినా, దాని నోటికి తిండి వాడి గిడ్డంగిలోనే ఉంది. ఠాణాల మీదే ఎందుకు పడ్డారో, పడిన ప్రతిచోటా తూటాలు ఎందుకు లెక్కపెట్టుకున్నారో ఈ ఇనుప తలుపు చూస్తే అర్థమవుతుంది. ప్రభుత్వం కూడా ఆ కిటుకు పట్టుకుంది. అక్టోబరు 15న అడ్డతీగల ఠాణా మీదికి వెళ్ళేసరికి తీసుకోవడానికి ఆయుధాలు లేవు. డిసెంబరు 6న పెదగడ్డపాలెం దగ్గర నలుగురు మనవాళ్ళు చనిపోయారు, కొన్ని ఆయుధాలు తిరిగి ప్రభుత్వానికి చిక్కాయి. అయినా 1924 మే 7న రాజును కాల్చి చంపేదాకా పోరాటం సాగింది. జూన్ 7న గంటం దొర నేలకొరిగాడు. దాదాపు 2 ఏళ్ళు. అన్నాళ్ళు నిలబెట్టింది ఆ 26 తుపాకులే అనుకుంటే లెక్క కుదరదు. అన్నం పెట్టిన ఊళ్ళు, కబురు మోసిన కాళ్ళు, దారి తెలిసిన కళ్ళు, నోరు విప్పని జనం. చరిత్ర పుస్తకం తుపాకీ పట్టినవాడి పేరు రాస్తుంది. తూటా లెక్క వేస్తే మిగతావాళ్ళు కనిపిస్తారు. గాం మల్లు దొర అండమాన్ జైలుకు వెళ్ళి, తిరిగొచ్చి, 1952లో మొదటి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. ఈ సంగతి మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

మరి ఈ బల్ల మీది తుపాకీ ఆ పోరాటంలోదేనా అని మీరు అడుగుతారు. దాన్ని ఇచ్చిన కుటుంబం, తాత చెప్పాడు, అవును అంటుంది. 1882 అనే అంకె ఎక్కడ పుట్టిందో చెబుతుంది, ఎవరి భుజాన తిరిగిందో చెప్పదు. అందుకే మేము పెట్టిన పలకలో రెండు భాగాలున్నాయి. పైన తుపాకీ మీది గుర్తులు చెప్పేది. కింద కుటుంబం చెప్పేది, వాళ్ళ మాటల్లోనే. రెండూ కలపలేదు. మన మౌఖిక చరిత్రకు విలువ లేదని కాదు. దానికి దాని చోటు ఇస్తేనే విలువ నిలుస్తుంది. రేపు ఎవరైనా ఒక కాగితం పట్టుకొచ్చి తాత మాట నిజమేనని రుజువు చేస్తే, ఆ రోజు పైభాగంలోకి ఎక్కిస్తాం. ఇప్పుడే ఎక్కించేస్తే, ఒక తప్పు దొరికిన రోజున బయటివాళ్ళు మన కథలన్నీ కట్టుకథలంటారు.

చివరగా మీరు చేయాల్సిన పనులు, చేయకూడని పనులు.

అటక మీదో, పొలంలోనో పాత తుపాకీ గాని, దాని ముక్క గాని కనిపిస్తే, ముందు పెద్దల్ని తోడు తీసుకుని పోలీసులకు, తహసీల్దారుకు రాతపూర్వకంగా తెలియజేయండి, రసీదు తీసుకోండి. 1959 ఆయుధాల చట్టం 45వ సెక్షను, బాగుచేసినా చేయకపోయినా కాల్చడానికి పనికిరాని పాతకాలపు ఆయుధాలకు మినహాయింపు ఇస్తుంది. మీరు దాన్ని పనిచేసేలా చేసిన క్షణాన ఆ మినహాయింపు పోతుంది. అది నేరం, ప్రాణానికీ ముప్పు. తుప్పు తిన్న బ్రీచ్ పగిలితే ముక్కలు వెళ్ళేది కాల్చినవాడి ముఖం మీదికే. నూరేళ్ళు నిండిన వస్తువు 1972 పురావస్తువుల చట్టం కిందికి వస్తుంది, దాన్ని దేశం దాటించడం మామూలు మనిషి ఎవరికీ కుదరదు. 1922 నాటి వస్తువులకు నూరేళ్ళు నిండిపోయాయి. నేలలో దొరికిన పాత వస్తువు విలువ 10 రూపాయలు మించితే కలెక్టరుకు తెలపాలని 1878 నుంచే చట్టం ఉంది.

పాత ఇనుము కొనేవాడికి కిలోల లెక్కన అమ్మకండి. ముక్కల్ని అన్నదమ్ములు తలా ఒకటి పంచుకోకండి. లివర్ ఒక ఇంట్లో, బ్లాక్ ఇంకో ఇంట్లో ఉంటే రెండూ తుక్కే. దొరికింది దొరికినట్టు ఫోటో తీసి, ఎవరు దాచారో, ఎక్కడ దాచారో, ఎవరు చెప్పారో ఆ రోజే రాయండి. అవ్వ, తాత చెప్పే మాట ఫోనులో రికార్డు చేయండి. వాళ్ళు మాట్లాడే భాషలోనే రికార్డు చేయండి, తెలుగులోకి తరువాత మార్చుకోవచ్చు. ఇనుము ఇంకో నూరేళ్ళు ఉంటుంది, మాట చెప్పే మనిషి ఉండడు.

రాజు ఠాణాలో తీసుకున్నది లెక్కగా రాసి సంతకం పెట్టాడని చెప్పుకున్నాం. ఆయుధం ఎత్తుకుపోతున్న తొందరలో కూడా లెక్క రాసే ఓపిక వాళ్ళకు ఉంది. మన చేతిలో ఇప్పుడు కావలసినంత సమయం ఉంది. సభ అయ్యాక ఈ బల్ల దగ్గరికి రండి. ముక్కల్ని చేతితో తాకి చూడండి, వరుస తప్పకుండా కూర్చడం నేర్పుతాం. వెదురు పిన్నును మాత్రం గట్టిగా తోయకండి.